మాసబ్ ట్యాంక్ నేర్పిన పాఠం

అమీర్‌పేటలో జావా నేర్చుకున్నవాళ్ళకి ఒక సంగతి బాగా తెలుసు. మెటీరియల్ జిరాక్సు షాపులోనే దొరుకుతుంది. మరి ఫీజు దేనికి కట్టాం? డౌటొస్తే అడగడానికి!

ఆరోగ్య ప్రచారం చేసేవాళ్ళ ఆన్‌లైన్ చదువుల గురించి ఆలోచిస్తుంటే ఇదే గుర్తొచ్చింది. 2020 ఏప్రిల్లో కరోనా కోసం కేంద్ర ప్రభుత్వం డాక్టర్లకీ, నర్సులకీ, ఏఎన్ఎంలకీ ఐగాట్ కోర్సులు పెట్టింది. అంతకుముందు బడిపంతుళ్ళ కోసం కట్టిన దీక్షా వేదికనే దీనికీ వాడుకున్నారు. ఇంజనీరింగ్ పరంగా మంచి పనే, సందేహం లేదు.

కానీ దూరం నుంచి పాఠం చెప్పడం మనకి కొత్తేం కాదండోయ్. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు నాసా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహంతో 'సైట్' అనే ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్ళకి ఆరోగ్యం, వ్యవసాయం, కుటుంబ నియంత్రణ టీవీలో చెప్పారు. అదే ఏడాదిలో దాదాపు 50 వేల మంది టీచర్లకి శిక్షణ కూడా ఇచ్చారు. ఇక్కడ గమనించాల్సిందేంటంటే, టీచర్లని టీవీ ముందు కూర్చోబెట్టి వదిలెయ్యలేదు. రేడియో పాఠాలూ, పుస్తకాలూ ఇచ్చి, సందేహాలు తీర్చడానికి పక్కన ఒక మనిషిని పెట్టారు.

ఇప్పుడు మాసబ్ ట్యాంక్‌కొద్దాం. అక్కడ ఏసీ గార్డ్స్ వైపున్న మహావీర్ ఆస్పత్రి 1995లో ప్రభుత్వంతో కలిసి క్షయకి డాట్స్ చికిత్స మొదలుపెట్టింది. ముందు లక్ష జనాభాకి, 1998 నుంచి 5 లక్షలకి. జనం ముందు వెళ్ళేది గల్లీలోని ప్రైవేటు డాక్టరు దగ్గరికే కదా? అందుకని ఆ డాక్టర్లని ఎవరికి వాళ్ళనే కలిసి మాట్లాడారు. ఆయన పంపిన పేషెంటుకి పరీక్షలో ఏం తేలిందో, మందులు ఎలా వాడుతున్నాడో తిరిగి ఆయనకే తెలియజేశారు. దాంతో పేషెంటు చెయ్యిజారిపోతాడన్న భయం పోయింది. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ఢిల్లీ, హైదరాబాద్ ప్రయోగాల ఖర్చు లెక్కలు వచ్చాయి. అందులో హైదరాబాద్ ప్రయోగమంటే ఇదే.

అంటే అక్కడ పనిచేసింది కరపత్రం కాదు, తిరిగొచ్చిన కబురు.

ఒక ఉదాహరణ చూడండి. టీబీకి వాడే రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం ఎర్రగా వస్తుంది. ప్రమాదమేమీ లేదు. కానీ అది తెలియని మనిషి హడలిపోయి మందు మానేస్తాడు. మధ్యలో మానేస్తే మందులకి లొంగని టీబీగా ముదిరే ప్రమాదముంది. ఊళ్ళో ఆశా కార్యకర్తని "ఇదేంటమ్మా?" అని అడిగితే, కోర్సులో లేని ఆ ప్రశ్నని ఆవిడ ఎవర్ని అడగాలి? చేతిలో సర్టిఫికెట్ అయితే ఉంది!

బగ్ రిపోర్ట్ చేసే దారి లేకుండా మనం సాఫ్ట్‌వేర్ రిలీజ్ చేస్తామా? మరి ఈ కోర్సులు కట్టేది కూడా మనలాంటివాళ్ళే. ఎంతమంది పూర్తిచేశారని డాష్‌బోర్డులో చూపిస్తాం, ఎన్ని ప్రశ్నలకి జవాబు వెళ్ళిందో మాత్రం లెక్కపెట్టం. ప్రతి పాఠం చివర ఒక ప్రశ్న పెట్టె, అది ఆ మండలం మెడికల్ ఆఫీసరుకి చేరే ఏర్పాటు, జవాబుకో గడువు. ఇదేం రాకెట్ సైన్సు కాదు. రాకెట్ సైన్సు వాళ్ళే 1975లో పక్కన మనిషిని పెట్టారు మరి!

మీరేమంటారు?