పద్దెనిమిది ఎడ్లబండ్లు

గుణదలలో మా ఇంటి సంక్రాంతి కొలువులో, కింది మెట్టు మీద ఒక కొండపల్లి అంబారీ ఏనుగు ఉండేది. విరిగిన తొండాన్ని అమ్మమ్మ లక్కతో అతికించింది. వంకరగానే అతుక్కుంది. మాకెవరికీ అదొక లోపంగా అనిపించలేదు.

అలాంటి ఇంట్లో పెరిగినవాణ్ణి, నాలుగేళ్ల కిందట ఏం చేశానో చెప్తాను. ఆఫీసులో పండగ బహుమతులు ఎంచే పని నా మీద పడింది. చాక్లెట్ డబ్బాలొద్దు, కొండపల్లి బొమ్మలిద్దాం, కళాకారులకు సాయం చేసినట్టూ ఉంటుందని వాదించి గెలిచాను. నూట ఇరవై ఎడ్లబండ్లు తెప్పించాం. ఏ రెండూ ఒక్కలా లేవు. ఫొటోలు, కొలతలు పెట్టి, అచ్చం బగ్ రిపోర్టులాగే రాసి, పద్దెనిమిదింటిని వెనక్కి పంపాను.

తర్వాత సిగ్గేసి కొండపల్లి వెళ్లాను. బెజవాడ నుంచి ఇరవై కిలోమీటర్లే. తెల్లపొణికి కర్రని సన్నటి సెగ మీద ఆరబెడతారు. కాళ్లు, చేతులు, చక్రాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆపైన సున్నం పూత, తర్వాత రంగులు. ఇన్ని చేతులు మారే బొమ్మకి మిల్లీమీటర్ల లెక్క కట్టింది నేను.

నాకంటే ముందు చాలామంది సాయం చేయడానికి వచ్చారు. తమ పూర్వీకులు రాజస్థాన్ నుంచి వచ్చారని ఇక్కడి ఆర్యక్షత్రియులు చెప్పుకుంటారు. రాజులూ జమీందార్లూ పోయాక, 1952లో కమలాదేవి ఛటోపాధ్యాయ అధ్యక్షతన అఖిల భారత హస్తకళల బోర్డు ఏర్పడింది. ఎంపోరియాలు, ఎగ్జిబిషన్లు, శిక్షణలు ఆ కాలపు దారి. మన లేపాక్షి షాపులదీ అదే దారి. 1999 చట్టం వచ్చాక భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మధ్యలో ఎనామెల్ రంగులొచ్చాయి. ఆ తర్వాత సహజ రంగులే కావాలనే కొనుగోలుదారులూ వచ్చారు. ప్రతివాళ్లూ తమ అభిరుచిని వెంట తెచ్చుకున్నారు. అయినా ఇదంతా దండగని అనను. మార్కెట్టే లేకపోతే పనివాడు ఉలి వదిలేసి ఇంకో కూలి చూసుకుంటాడు.

కానీ గుర్తింపు పేరుని కాపాడుతుంది. చెట్టుని పెంచదు.

"ఆర్డర్లు వస్తూనే ఉన్నాయి బాబూ, కర్రే దొరకట్లేదు," అన్నాడాయన. కొండల్లో పొణికి తగ్గిపోయింది. కొత్త మొక్క పెడితే కర్ర చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. ఏ పండగ బడ్జెట్టూ అంతకాలం ఆగదు. మాదైతే మూడు నెలలది.

వెనక్కి పంపిన బండ్లు అరలో కనిపించాయి. ఆయన వాటి ఊసెత్తలేదు. ఒకటి తీసుకుని, అలవాటు కొద్దీ "ఎంతకిస్తారు?" అని బేరం మొదలుపెట్టబోయి, ఆగిపోయాను.