రెట్టింపయ్యే కాలం: దిల్మున్ తూకం నుంచి కంప్యూటర్ వరకు

బహ్రెయిన్ ఉత్తర తీరంలోని కల్అత్ అల్ బహ్రెయిన్ దిబ్బను 1950లలో డెన్మార్క్ పురాతత్త్వవేత్తలు తవ్వడం మొదలుపెట్టారు. ఆ తవ్వకాల్లో సింధు నాగరికత పద్ధతిని అనుసరించే తూకపు రాళ్ళు బయటపడ్డాయి. సింధు తూకాలు 1, 2, 4, 8, 16 అంటూ రెట్టింపవుతూ పోతాయి. నాలుగు వేల ఏళ్ళ క్రితం ఈ దీవి పేరు దిల్మున్. రాగి వర్తకానికి కూడలి.

అక్కడ కొన్న రాగిని మెసపొటేమియాలోని ఉర్ నగరపు తూకానికి మార్చుకోవలసి వచ్చేది. ఉర్‌లో దొరికిన ఒక మట్టిపలక ప్రకారం దిల్మున్ తూకంలో 13,100 మినాల రాగి, ఉర్ తూకంలో 611 టాలెంట్ల 6 2/3 మినాలు. టాలెంటుకు 60 మినాలు కనుక దిల్మున్ మినా ఉర్ మినాకు దాదాపు 2.8 రెట్లు. ఇది ఒక్క భాగహారంతో తేలే లెక్క.

ఆ వర్తకులు అప్పు తెచ్చుకునే వెండి లెక్క అంత సులువు కాదు. ఆ కాలపు బాబిలోనియాలో వెండిపై సాధారణ వడ్డీ ఏడాదికి నూటికి 20. ఆ వడ్డీకి, చక్రవడ్డీ పద్ధతిలో, అసలు ఎన్నాళ్ళకు రెట్టింపవుతుంది? లూవ్ర్ మ్యూజియంలోని ఏఓ 6770 అనే పలకలో ఉన్న ప్రశ్న ఇదే. మూడేళ్ళకు అసలు 1.728 రెట్లు, నాలుగేళ్ళకు 2.0736 రెట్లు. ఈ రెంటి నడుమ పెరుగుదల సరళరేఖలో సాగుతుందనుకొని లేఖకుడు 3.787 సంవత్సరాలని తేల్చాడు. సంవర్గమానాలతో గణిస్తే వచ్చేది 3.802. తేడా సుమారు అయిదు రోజులు. ఆ మేరకు నష్టం అప్పు తీసుకున్నవాడిది.

ఇది లేఖకుడి అజాగ్రత్త కాదు. 1.2ను ఏ ఘాతానికి హెచ్చిస్తే 2 వస్తుందో, ఆ ఘాతం బీజాతీత సంఖ్య. 1934లో గెల్ఫాండ్, ష్నైడర్ వేర్వేరుగా నిరూపించిన సిద్ధాంతం నుంచి ఇది తేలుతుంది. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం ఎన్నిసార్లు చేసినా, ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు కనుక, దాని కచ్చితమైన విలువ చేతికి రాదు.

అందుకే పట్టికలు పుట్టాయి. నేపియర్ 1614లో సంవర్గమానాలను ప్రకటించాడు. బ్రిగ్స్ 1624లో 30,000 సంఖ్యలకు 14 దశాంశ స్థానాల పట్టికను అచ్చువేయించాడు. పట్టికలో లేని విలువకు మళ్ళీ రెండు గడుల నడుమ అంచనాయే శరణ్యం.

నేటి కంప్యూటర్లలో విరివిగా వాడే ఒక పద్ధతీ ఈ దారిలోనిదే. ఇచ్చిన సంఖ్యలోంచి మొదట 2 యొక్క ఘాతాన్ని వేరుచేస్తుంది. దిల్మున్ త్రాసులో పెద్ద రాయిని ముందు వేసినట్లే. మిగిలిన భాగానికి చిన్న పట్టికను చూసి, లేఖకుడి సరళరేఖకు బదులు ఒక బహుపదితో సవరిస్తుంది. అప్పటి అయిదు రోజుల దోషం ఇప్పుడు పదహారో అంకం దగ్గరికి జరిగింది, మాయం కాలేదు. ఆ దోషం ఎక్కడ దాకా ఉండవచ్చునో ముందే హద్దు గీయడమే సంఖ్యాత్మక గణనం నేర్చిన విద్య.