పరారైన బానిసలు – ధర్మాసనముల తీర్పులు

యజమాని చెరనుండి తప్పించుకొని దాస్యమెరుగని గడ్డను చేరుకొనినవాడు స్వతంత్రుడగునా, బానిసగనే మిగులునా యను వివాదము అమెరికా సంయుక్త రాష్ట్రముల కంటె పాతది. లండనులోని కింగ్స్ బెంచి న్యాయస్థానమున 1772 జూన్ 22వ తేదీన లార్డ్ మాన్స్‌ఫీల్డ్, పారిపోయి పట్టుబడి జమైకాకు పోవు ఓడలో సంకెళ్ళపాలైన జేమ్స్ సోమర్‌సెట్‌ను విడిపించుచు, దాస్యమంతటి హేయమైన వ్యవస్థ స్పష్టమైన శాసనబలము లేనిదే నిలువజాలదని తీర్పు చెప్పెను. ఈ తర్కమే అట్లాంటిక్ సముద్రమును దాటివచ్చినచో, ఉత్తరపు గడ్డను తొక్కిన ప్రతి బానిసయు స్వతంత్రుడే కావలెను గదా! 1787లో ఫిలడెల్ఫియా నగరమున రాజ్యాంగరచన జరుగుచుండగా దక్షిణ కరోలినా ప్రతినిధులు పియర్స్ బట్లర్, చార్లెస్ పింక్నీలు పట్టుబట్టి, పారిపోయినవానిని ఏ రాష్ట్రపు చట్టమును విముక్తుని చేయరాదనియు, కోరినవారికి అప్పగింపవలసినదేననియు ఒక నిబంధనను చేర్పించిరి.

1793 నాటి శాసనము దానికి కార్యరూపము నొసగెను. యజమాని గాని అతని మనిషి గాని పరారైనవానిని స్వయముగా పట్టి, ఒక న్యాయాధికారి యెదుట నిలిపి తన హక్కును రుజువుచేసికొనిన చాలును. జ్యూరీ విచారణ లేదు. ఈ సందున స్వతంత్రులైన నల్లవారిని సైతము ఎత్తుకొనిపోవుట సాగుటచే, పెన్సిల్వేనియా 1826లో చట్టము చేసి, అట్లు బలవంతముగా మనుష్యులను రాష్ట్రము దాటించుటను ఘోరాపరాధముగా నిర్ణయించినది.

మార్గరెట్ మోర్గన్ తల్లిదండ్రులు మేరీలాండ్‌లో బానిసలైనను యజమాని వారిని స్వేచ్ఛగా బ్రతుకనిచ్చెను. ఆమె స్వతంత్రుడైన నల్లవానిని పెండ్లాడి, 1832లో పెన్సిల్వేనియాకు కాపురము మార్చుకొని, అచ్చట బిడ్డను గూడ కనెను. 1837లో యజమాని వారసురాలి తరఫున ఎడ్వర్డ్ ప్రిగ్ తోడివారితో వచ్చి, స్థానిక న్యాయాధికారి అనుమతింపకున్నను లెక్కచేయక, తల్లిని బిడ్డలను మేరీలాండ్‌కు తరలించుకొనిపోయెను. ప్రిగ్‌పై మోపిన నేరము 1842లో సర్వోన్నత న్యాయస్థానమునకు చేరగా, దాస్యమును ద్వేషించినవాడుగనే పేరుపొందిన జస్టిస్ జోసెఫ్ స్టోరీ, పెన్సిల్వేనియా చట్టము చెల్లదనియు, శాంతిభంగము కానంతవరకు యజమాని తన బానిసను ఎచ్చటనైనను తానే పట్టుకొనవచ్చుననియు తేల్చెను. ఆ వ్యాజ్యమున మార్గరెట్ కక్షిదారు సైతము కాదు. ఉత్తరపు గడ్డపై పుట్టిన ఆమె బిడ్డ గతి యేమన్న ప్రశ్నను తీర్పు ముట్టనేలేదు.

అయినను స్టోరీ ఒక ద్వారమును తెరచియుంచెను: పరారైనవారిని అప్పగించుట కేంద్రప్రభుత్వపు బాధ్యత గావున రాష్ట్రాధికారులను అందులకు బలవంతపెట్టరాదనెను. ప్రధాన న్యాయమూర్తి రోజర్ టేనీ ఈ ఒక్క అంశమున విభేదించుట ఊరక కాదు. మరుసటి యేడే మసాచుసెట్స్ రాష్ట్రము తన యధికారులు గాని తన చెరసాలలు గాని ఈ వేటకు ఉపయోగపడరాదని శాసించినది.

దీనికి ప్రతిక్రియయే 1850 నాటి కఠిన శాసనము. పట్టుబడినవాడు తన పక్షమున సాక్ష్యము పలుకరాదు. వానిని యజమానికి అప్పగించిన కమీషనరుకు 10 డాలర్లు, విడిచిపెట్టినచో 5 డాలర్లు మాత్రమే రుసుము! పత్రములు వ్రాయుట కెక్కువ శ్రమయగునని సమర్థకులు చెప్పిన కారణము నాకు హాస్యాస్పదముగనే తోచును. యజమాని భార్య తానై మసాచుసెట్స్‌కు గొనివచ్చిన మెడ్ అను చిన్న బాలికను 1836లో విడిపించిన ఆ రాష్ట్రపు ప్రధాన న్యాయమూర్తి లెమ్యుయెల్ షా యే, 1851లో బోస్టన్ న్యాయస్థానభవనము చుట్టును బిగించిన ఇనుపగొలుసు క్రింద వంగి లోనికి పోయి, పరారై పట్టుబడిన థామస్ సిమ్స్‌ను విడిపింప నిరాకరించెను. సిమ్స్ జార్జియాకు మరలింపబడెను.

చిత్రమేమన, రాష్ట్రాధికారములను నిత్యము జపించు దక్షిణమువారు ఇప్పుడు కేంద్రబలమును ఆశ్రయించిరి. ఆ జపమాల ఉత్తరమువారి చేతికి వచ్చినది. 1854లో విస్కాన్సిన్‌లో పట్టుబడిన జాషువా గ్లోవర్‌ను జనసమూహము మిల్వాకీ చెరసాల తలుపులు పగులగొట్టి విడిపింపగా, అతడు కెనడా చేరుకొనెను. ఆ జనమును పురికొల్పినాడని బంధింపబడిన పత్రికాసంపాదకుడు షెర్మన్ బూత్‌ను విడుదల చేయుచు, విస్కాన్సిన్ సర్వోన్నత న్యాయస్థానము 1850 శాసనమే రాజ్యాంగవిరుద్ధమని ప్రకటించినది. 1859లో టేనీ ఏకగ్రీవ తీర్పుతో దానిని కొట్టివేసెను. విస్కాన్సిన్ న్యాయస్థానము ఆ యుత్తరువును తన దస్త్రములలో చేర్చుకొనుటకు సైతము సమ్మతింపలేదు. బూత్ మరల చెరసాలకు పోయి, 1861లో పదవి వీడబోవు అధ్యక్షుడు బుకానన్ చలువతో బయటపడెను. శాసనము మాత్రము అంతర్యుద్ధము చెలరేగిన పిమ్మటను మూడేండ్లు బ్రతికి, 1864 జూన్ 28వ తేదీన గాని రద్దు కాలేదు.