పళ్ళ డాక్టరు పక్కన ఒక స్టూలు

(మా ఊరి తెలుగు రేడియోలో ఆదివారం ఉదయం చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

పళ్ళ డాక్టరు రేడియోలోకి వచ్చిందంటే పళ్ళెలా తోముకోవాలో చెప్పి విసిగిస్తుందని మీరు భయపడుతూ ఉంటారు. ఇవాళ ఆ పని పెట్టుకోలేదు లెండి. ఈ దేశంలో పళ్ళ డాక్టరు చదువులోకి ఎవరు రాగలిగారు, ఎవరు రాలేకపోయారు, వచ్చినవాళ్ళను ఎవరు తయారుచేశారు అన్న చరిత్ర కొంచెం చెబుతాను. నేను హైదరాబాదులో బి.డి.ఎస్. చదివి, ఇక్కడికొచ్చాక మళ్ళీ డెంటల్ స్కూల్లో చేరి, డిగ్రీ తీసుకుని ప్రాక్టీసు పెట్టుకున్నదాన్ని. కొన్నేళ్ళుగా శనివారాల్లో కమ్యూనిటీ కాలేజీ పిల్లలకు డెంటల్ స్కూలు అప్లికేషన్ల విషయంలో సాయం చేస్తున్నాను. ఈ చరిత్ర మీద ఆసక్తి కలిగింది అక్కడే.

మన దగ్గర సీటంటే ర్యాంకు. మా రోజుల్లో ఎంసెట్, ఇప్పుడు నీట్. ర్యాంకు వస్తే మీ నాన్నగారు ఏం చేస్తారని ఎవరూ అడగరు. ఇక్కడి పద్ధతి వేరు. కాలేజీలో సైన్సు కోర్సులు చదవాలి, డ్యాట్ అనే ప్రవేశపరీక్ష రాయాలి, ప్రొఫెసర్ల దగ్గర సిఫారసు ఉత్తరాలు తెచ్చుకోవాలి, తన గురించి ఒక వ్యాసం రాసుకోవాలి, ఇంటర్వ్యూకి వెళ్ళాలి. వీటితోపాటు, ఒక డెంటిస్టు పక్కన నిలబడో, స్టూలు మీద కూర్చునో ఆయన పని గంటల తరబడి చూసి ఉండాలి. దాన్ని షాడోయింగ్ అంటారు. మిగతావి కష్టపడి చదివి సాధించుకోవచ్చు. ఇది మాత్రం ఎవరో ఒకరు రానిస్తేనే దొరుకుతుంది. నేను చెప్పబోయే కథంతా ఆ స్టూలు చుట్టూనే తిరుగుతుంది.

ప్రపంచంలో మొట్టమొదటి డెంటల్ కాలేజీ 1840లో బాల్టిమోర్‌లో మొదలైంది. నల్లజాతి విద్యార్థి ఒకరు డెంటల్ డిగ్రీ పుచ్చుకోవడానికి ఆ తరువాత దాదాపు ముప్ఫై ఏళ్ళు పట్టింది. ఆయన పేరు రాబర్ట్ టానర్ ఫ్రీమన్. తల్లిదండ్రులు ఒకప్పుడు బానిసలు. ఫ్రీమన్ వాషింగ్టన్‌లో హెన్రీ బ్లిస్ నోబుల్ అనే తెల్లజాతి దంతవైద్యుడి దగ్గర సహాయకుడిగా పనిచేశాడు. నువ్వూ ఈ చదువు చదవాలని ప్రోత్సహించింది నోబులే. మరి రెండు చోట్ల కాదనిపించుకున్నాక, హార్వర్డ్ కొత్తగా 1867లో పెట్టిన డెంటల్ స్కూల్లో ఫ్రీమన్‌కి సీటు దొరికింది. 1869లో ఆ స్కూలు తొలి బ్యాచ్‌లో పట్టా అందుకున్నాడు. పాపం, 1873లోనే చనిపోయాడు.

మరుసటి ఏడాది, 1870లో, అదే స్కూలు నుంచి జార్జ్ ఫ్రాంక్లిన్ గ్రాంట్ బయటికొచ్చాడు. ఈయన చిన్నతనంలో ఒక పళ్ళ డాక్టరు దగ్గర చిల్లర పనులు చేసే కుర్రాడుగా చేరి, అక్కడే లాబ్ పని నేర్చుకున్నాడు. తరువాత హార్వర్డ్‌లోనే పాఠాలు చెప్పాడు, అంగిలి చీలికతో పుట్టినవాళ్ళకు వైద్యం చేయడంలో పేరు తెచ్చుకున్నాడు. అన్నట్టు, మన గోల్ఫ్ మిత్రులకు ఒక మాట: 1899లో చెక్క గోల్ఫ్ టీకి పేటెంటు తీసుకున్నది కూడా ఈయనే.

మూడో మనిషి ఐడా గ్రే. తల్లిదండ్రులు లేని పిల్ల. సిన్సినాటిలో బంధువుల దగ్గర పెరుగుతూ, జోనథన్ టాఫ్ట్ అనే దంతవైద్యుడి ఆఫీసులో పనిచేసింది. ఆ టాఫ్టే మిషిగన్ విశ్వవిద్యాలయం డెంటల్ కాలేజీకి మొదటి డీన్. ఆడవాళ్ళు ఈ చదువు చదవాలని వాదించినవాడు. ఐడా 1890లో మిషిగన్ నుంచి పట్టా తీసుకుని, ఈ దేశంలో డెంటల్ డిగ్రీ పొందిన తొలి నల్లజాతి మహిళ అయింది.

గమనించారా? ముగ్గురూ ఊళ్ళు వేరు, ఇళ్ళు వేరు. కాని ముగ్గురూ కాలేజీ గడప తొక్కేముందే ఒక డెంటిస్టు పనిచేసే గదిలోకి వెళ్ళగలిగారు. తెలివితేటలు, పట్టుదల వాళ్ళవే, సందేహం లేదు. అయితే అలాంటి పిల్లలు ఆ రోజుల్లో ఇంకా ఎందరో ఉండి ఉంటారు. వాళ్ళకు నోబుల్ దొరకలేదు, టాఫ్ట్ దొరకలేదు.

అదృష్టం మీద ఆధారపడిన ఆ పనిని ఒక పద్ధతిలో పెట్టినవి రెండు సంస్థలు. వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయం 1881లోనూ, నాష్‌విల్‌లోని మెహారీ 1886లోనూ డెంటల్ చదువు మొదలుపెట్టాయి. దక్షిణాది రాష్ట్రాల్లో మిగతా స్కూళ్ళ తలుపులు మూసి ఉన్న ఆ దశాబ్దాలన్నిటిలో నల్లజాతి డెంటిస్టుల్లో అత్యధికులు ఈ రెండు చోట్ల తయారైనవాళ్ళే. ఇక ఈ నేల అసలు వాసుల సంగతి చూడండి. అమెరికన్ ఇండియన్లలో తొలి డెంటిస్టుగా గుర్తింపు పొందిన జార్జ్ బ్లూ స్ప్రూస్ క్రైటన్ విశ్వవిద్యాలయంలో పట్టా తీసుకున్నది 1956లో. బాల్టిమోర్ కాలేజీ మొదలైన నూట పదహారేళ్ళకు!

డ్యాట్ గురించి ఒక ముచ్చట. 1970ల ఆరంభం దాకా ఆ పరీక్షలో సుద్దముక్కను చెక్కే భాగం ఉండేది. బొమ్మ ఇస్తారు, కొలతల ప్రకారం కత్తితో సుద్దను చెక్కాలి. చేతివాటం చూడటానికన్నమాట. తరువాత దాని స్థానంలో కాగితం మీద ఆకారాలను పోల్చే ప్రశ్నలు వచ్చాయి. సుద్ద చెక్కినా, ఆకారాలు పోల్చినా, ముందే సాధన చేసినవాడికి తేలిక, హాల్లో మొదటిసారి చూసినవాడికి గాభరా. ఇంట్లో డాక్టరుంటే ఇలాంటివన్నీ భోజనాల దగ్గరే తెలుస్తాయి.

పౌరహక్కుల ఉద్యమం తరువాత ప్రభుత్వం కల్పించుకుంది. 1970ల ఆరంభంలో హెల్త్ కెరీర్స్ ఆపర్చునిటీ ప్రోగ్రాం వచ్చింది. చదువులోనో డబ్బులోనో వెనకబడిన కుటుంబాల పిల్లలకు సైన్సు పాఠాలు, పరీక్ష శిక్షణ, సలహాలు ఇచ్చే కాలేజీలకు దాని ద్వారా నిధులిచ్చారు. 1978లో బాకీ కేసు తీర్పు వచ్చింది. డేవిస్ మెడికల్ స్కూలు నూరు సీట్లలో పదహారు విడిగా ఉంచడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. జాతిని అనేక అంశాల్లో ఒకటిగా చూడవచ్చంది. అంటే మన దగ్గరలాంటి రిజర్వేషను ఇక్కడ లేదు. ఇది మనవాళ్ళలో చాలామందికి తెలియదు.

2001లో రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్ డెంటల్ పైప్‌లైన్ అనే కార్యక్రమం చేపట్టింది. డెంటల్ స్కూళ్ళు తక్కువ ప్రాతినిధ్యం ఉన్న వర్గాల విద్యార్థులను వెతికి చేర్చుకోవాలి, తమ విద్యార్థులను పేదల క్లినిక్కులకు పంపాలి అన్నది దాని ఉద్దేశం. అదే ఫౌండేషన్ మెడికల్ విద్యార్థుల కోసం నడిపిన వేసవి శిబిరాల్లోకి 2006లో డెంటల్ విద్యార్థులనూ చేర్చారు. ఆరు వారాలు, ఖర్చు లేకుండా, కాలేజీలో మొదటి రెండేళ్ళలోనే. ఆ తొందర ఎందుకంటే, మొదటి ఏడాది కెమిస్ట్రీలో సి వచ్చి, అడిగే దిక్కులేక దారి మార్చుకునే పిల్లలు ఎక్కువ. ఆఖరి ఏడాదిలో వచ్చి సాయం చేస్తామంటే అప్పటికే వాళ్ళుండరు.

2023 జూన్ 29న సుప్రీంకోర్టు ప్రవేశాల్లో జాతిని అంశంగా చూడకూడదని తీర్పు చెప్పింది. తన జాతి తన జీవితాన్ని ఎలా ప్రభావితం చేసిందో విద్యార్థి వ్యాసంలో రాసుకోవచ్చంది. ఆ కేసు ఆసియా పిల్లల పేరుతో నడిచింది కనుక మన ఇళ్ళలో దాని మీద చాలా చర్చ జరిగింది. మా ఇంట్లోనూ జరిగింది. "మన పిల్లలు కష్టపడి చదవడం లేదా?" అన్నారు మా బంధువులొకరు. చదువుతున్నారు, కాదనను. అయితే 2020 ప్రాంతపు లెక్కల్లో ఈ దేశపు డెంటిస్టుల్లో నల్లజాతివారు నూటికి నలుగురికి లోపే, జనాభాలో పన్నెండుకు పైన. ఆసియావారు జనాభాలో నూటికి ఆరుగురు, డెంటిస్టుల్లో పద్దెనిమిదిమంది. మన పిల్లవాడికి షాడోయింగ్ కావాలంటే ఫోను తీసి ఒక ఆంటీకో అంకుల్‌కో కొడతాం. నా దగ్గరకొచ్చే అమ్మాయి ఒకతె ఇరవై రెండు ఆఫీసులకు ఫోన్ చేసింది. పంతొమ్మిది చోట్ల జవాబే లేదు. డ్యాట్ రుసుమే ఐదువందల డాలర్ల పైన, పది స్కూళ్ళకు దరఖాస్తు పంపితే మరో వెయ్యి దాటుతుంది. వాళ్ళమ్మ హోటల్లో గదులు శుభ్రం చేస్తుంది.

ఇదంతా ఆ అమ్మాయి ఒక్కర్తి బాగోగుల విషయమే కాదు. 2007 ఫిబ్రవరిలో మేరీలాండ్‌లో పన్నెండేళ్ళ బాలుడు పుచ్చుపన్ను నుంచి చీము మెదడుకి పాకి చనిపోయాడు. ఎనభై డాలర్లకు పీకేసే పన్ను! ప్రభుత్వ బీమాతో వచ్చే పేదలను చూసే డెంటిస్టు దొరకడం ఆ కుటుంబానికి గగనమైంది. అలాంటి పేటల నుంచి వచ్చిన డాక్టర్లు అలాంటి పేటల రోగులను ఎక్కువగా చూస్తారని ఈ రంగంలో పదేపదే తేలిన విషయం.

మనకూ ఈ చరిత్రలో ఒక బాకీ ఉంది. భారతదేశంలో తొలి డెంటల్ కాలేజీని 1920లో కలకత్తాలో స్థాపించిన డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ చదువుకున్నది అమెరికాలోనే, అయోవాలో. ఆ రోజుల్లో ఆయనను రానిచ్చిన వాళ్ళున్నారు కనుకే మన దేశంలో ఈ చదువు మొదలైంది.

తీర్పులు మారతాయి, నిధులు వస్తాయి, పోతాయి. డెంటిస్టు తన గదిలోకి ఎవరిని రానివ్వాలన్నది మాత్రం ఏ కోర్టూ నిర్ణయించదు. ఈ రేడియో వింటున్న తెలుగు డెంటిస్టులు ఈ ఊళ్ళో చాలామందే ఉన్నారు. వారానికి ఒక్క పూట, మీకు ఏ చుట్టరికమూ లేని ఒక విద్యార్థికి ఆ స్టూలు ఇవ్వండి. పేషెంటు అనుమతి అడగండి, గ్లవ్స్ ఎక్కడుంటాయో చూపించండి, పని ఎలా చేస్తున్నారో చెబుతూ చేయండి. ఆరునెలలయ్యాక, మీకు నిజంగా తెలిసిన మనిషి గురించి రాసినట్టు ఒక ఉత్తరం రాయండి. ఫ్రీమన్‌కి నోబుల్ చేసింది ఇంతే.

ఇష్టమున్నవాళ్ళు కార్యక్రమం అయ్యాక రేడియోవాళ్ళకు ఫోన్ చేసి మీ ఆఫీసు వేళలు చెప్పండి. నా దగ్గర ప్రస్తుతం ఏడుగురు పిల్లలు ఎదురుచూస్తున్నారు.