ఎంజీబీ కారు: తరచూ వచ్చే లోపాలు

ఎంజీబీ 1962 నుంచి 1980 వరకు ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్‌లో తయారైన స్పోర్ట్స్ కారు. 1798 సీసీ ఇంజను మొండిది. చికాకు పెట్టేవి దాని చుట్టూ ఉన్న భాగాలు.

కారు దారిలో ఉన్నట్టుండి ఆగితే ముందు ఎస్‌యూ పెట్రోలు పంపును అనుమానించాలి. అది కారు వెనక భాగంలో ఉంటుంది. తాళం తిప్పగానే టకటకమని కొట్టుకుని, కార్బురేటర్లు నిండాక నిలిచిపోవాలి. చప్పుడే లేకపోతే కరెంటు అందడం లేదు, లేదా లోపలి పాయింట్లు మాడాయి. మెల్లగా తడితే కదిలిందా, లోపం చాలావరకు పాయింట్లదే. ఆ తట్టడం ఇల్లు చేరడానికే, మరమ్మతు కాదు. ఆగకుండా కొట్టుకుంటుంటే పెట్రోలు అయిపోయి ఉండాలి, గొట్టం గాలి పీలుస్తుండాలి, లేదా కార్బురేటర్ పొంగుతుండాలి.

యాక్సిలరేటర్ నొక్కగానే ఇంజను తడబడితే జంట ఎస్‌యూ కార్బురేటర్ల డ్యాంపర్లలో నూనె చూడాలి. ఈ చిన్న పని మరిచి జెట్లన్నీ విప్పేవారున్నారు.

దీపాలు మసకబారితే తుప్పు పట్టిన ఎర్త్ బిగింపులు శుభ్రం చేయాలి. 1967కు ముందటి కార్లలో పాజిటివ్ ఎర్త్ ఉండేది. బ్యాటరీ కలిపేముందు ఇది తప్పక నిర్ధారించుకోవాలి. 1974 వరకు సీట్ల వెనక రెండు 6 వోల్టుల బ్యాటరీలుండేవి. వాటిని కలిపే తీగ వదులైనా స్టార్టర్ తిరగదు.

అన్నిటికన్నా ప్రమాదకరమైంది తలుపుల కింది సిల్స్‌కు పట్టే తుప్పు. విడి చాసిస్ లేని ఈ కారు బరువు మోయడంలో వాటిది ముఖ్యపాత్ర. పైన రంగు మెరుస్తున్నా అయస్కాంతం అంటుకోని చోట ఇనుము బదులు పుట్టీ ఉన్నట్టే.