బుల్లెటు ఇంజను పైభాగము — గోదావరి అడవి దారుల కథ

సారపాక దాటి భద్రాచలము వంతెన ఎక్కు ప్రయాణికునకు, ఆ నీటిమీద ఒకనాడు రెండు ప్రభుత్వముల సరిహద్దు ఉండెనను సంగతి తట్టదు. ఈవలి గట్టు బూర్గంపహాడు తాలూకా, నిజాము రాజ్యము. ఆవలి గట్టు భద్రాచలము, మదరాసు ప్రభుత్వపు తూర్పు గోదావరి జిల్లా. ఈవల చెల్లు నాణెము హాలీ సిక్కా. ఆవల చెల్లునది వేరు. సరకు దాటించువారికి కరోడ్గిరి వారి తనిఖీ కూడ ఉండెడిది. 1956లో ఆ సరిహద్దు చెరిగినది. 1959లో భద్రాచలము, నుగూరు వెంకటాపురము ప్రాంతములు ఖమ్మం జిల్లాలో కలిసినవి. 1965లో వంతెన వచ్చువరకు మనుష్యులకు గాని బండ్లకు గాని పడవయే గతి.

ఈ చరిత్ర పలువురు ఎరిగినదే. ఆ దారులలో తిరిగిన మోటారు సైకిలు కథకు మాత్రము గ్రంథములలో చోటు దొరకలేదు. మేము చెప్పబూనినది ఆ కథలో ఒక చిన్న అధ్యాయము: పాత బుల్లెటు ఇంజను పైభాగమును ఇంటి వసారాలో విప్పి, బాగుచేసి, మరల బిగించుట.

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట సైన్యము వదలిన మిగులు వాహనములు దేశమంతట అమ్ముడుపోయినవి. వాని వెనుక వచ్చినదే బుల్లెటు. ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణమున రాయల్ ఎన్‌ఫీల్డు సంస్థవారు దీనిని చేసెడివారు. 1950ల ఆరంభములో భారత సైన్యము సరిహద్దు గస్తీకి 350 సీసీ బుల్లెట్లను తెప్పించుకొనెను. 1955లో మదరాసు మోటార్సు వారితో కలిసి ఎన్‌ఫీల్డు ఇండియా ఏర్పడినది. తిరువొత్తియూరులో కర్మాగారము వెలసినది. మొదట విడి భాగములు తెచ్చి ఇక్కడ జోడించెడివారు. కొద్ది సంవత్సరములలో భాగములన్నియు ఇక్కడనే తయారగుట ఆరంభమైనది. విచిత్రమేమనగా, రెడ్డిచ్ కర్మాగారము 1967లో మూతపడినను, ఆ పాత పోత ఇనుప ఇంజను మాత్రము మన దేశములో 2010 ప్రాంతము వరకు బ్రతికినది. పుట్టింట దీపమారినను మెట్టినింట అర్ధశతాబ్ది వెలిగినదన్నమాట. అందువలననే 1950ల నాటి బండికి నేటికిని పిస్టను, రింగులు, వాల్వులు బజారులో దొరకుచున్నవి. ఇతర పాత బండ్ల యజమానులకు ఈ భాగ్యము లేదు.

ఇక ఇంజను సంగతి. సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటర్లు, పిస్టను నడక 90. ఘనపరిమాణము 346 సీసీ. బ్యారెలు పోత ఇనుము, దాని మీది హెడ్డు అల్యూమినియము. రెండు పుష్ రాడ్లు క్రిందినుండి రాకర్లను తన్నగా వాల్వులు తెరచుకొనును. కష్టమైన నిర్మాణము కాదు. పెట్రోలు ట్యాంకు దించి, కార్బరేటరు, పొగగొట్టము ఊడదీసి, రాకరు మూతలు తీసి, హెడ్డు నట్లను ఎదురెదురుగా కొంచెము కొంచెముగా వదులు చేసినచో అరపూటలో పిస్టను తల కనబడును. సర్క్లిప్పు తీయుటకు ముందు క్రింది గూటి నోటిలో శుభ్రమైన గుడ్డ కుక్కవలెను. ఈ మాట మరచినవాడు ఆ చిన్న తీగను వెదకుటకు ఇంజను మొత్తము విప్పవలసివచ్చును.

మా ప్రాంతపు బండ్లలో మొదట అరుగునది బోరు. పాల్వంచ, చర్ల, దుమ్ముగూడెము దారులు తారు చూడక మునుపు ఎఱ్ఱమట్టి దారులే. తునికాకు కల్లముల వైపు, కోయగూడెముల వైపు వేసవిలో తిరిగిన బండి పీల్చినది గాలి కంటె దుమ్మే ఎక్కువ. ఆ సన్నని ధూళి నూనెలో కలిసి సానరాయివలె పనిచేయును. బోరు పైన ఒక మెట్టు ఏర్పడును; వ్రేలిగోటికి అది తగిలినచో మరల బోరు కొట్టించక తప్పదు. ఒకసారి బోరు పెంచినప్పుడెల్ల పెద్ద పిస్టను వేయవలెను. అంగుళములో వేయవ వంతును మెకానిక్కులు థౌ అందురు. ఇరవై, నలభై అను ఆ అంకెలు పిస్టను తలమీదనే గుద్ది యుండును.

ఇక్కడ చరిత్ర పరిశోధకుడు గమనింపదగిన సంగతి ఒకటి కలదు. ఆర్.సి. పుస్తకములో ఎక్కు ఇంజను నంబరు క్రింది గూటిమీద ఉండును. పైభాగమంతయు మార్చివేసినను కాగితమునకు తెలియదు. ఆ బండి ఎన్ని చేతులు మారెనో పుస్తకము చెప్పును గాని, ఎంత అడవి తిరిగెనో చెప్పునది పిస్టను తలమీది ఆ అంకెయే. మసి గీకినప్పుడు మేము మొదట చూచునది దానినే.

మా చేతిలోని బండి పిస్టనుమీద నలభై ఉండెను. క్రొత్త రింగులు తెచ్చి, తొందరలో ఫీలరు గేజి పెట్టకయే ఎక్కించితిమి. తప్పు మాదే. రింగును ఒంటిగా బోరులో దించి, పిస్టను తలతో సమముగా నెట్టి, రెండు కొనల నడుమ సందు కొలువవలెను. వ్యాసమున అంగుళమునకు మూడు నాలుగు థౌల లెక్కన, ఈ బోరుకు పది థౌల ప్రాంతము కావలెను. పాల్వంచ దాటిన పిమ్మట బండి బరువెక్కి, ఒక్కసారిగా బిగుసుకొనిపోయెను. వేడికి రింగు సాగి, కొనలు ఢీకొని, బోరు గోడను గీచివేసినవి. ఆ గీతలు నలభైకి లోబడునవి కావు.

క్రొత్త బ్యారెలు కొనుట సులభము, చవుక కూడ. పాతదానిని ఇనుప సామాను దుకాణమునకు తూచి ఇచ్చినచో ఎవరును అడుగువారు లేరు. కాని పడవమీద గోదావరి దాటిన కాలపు ఇనుమది. మాలో మేము రెండు దినములు వాదించుకొంటిమి. తుదకు లైనరు వేయించుటకే నిశ్చయించితిమి. గనుల పుణ్యమా యని కొత్తగూడెములో లేతు పని ఎరిగినవారికి కొదువలేదు. పాత గోడను పెద్దదిగా తొలిచి, లోపల క్రొత్త గొట్టము దిగగొట్టి, దానిని మరల మొదటి కొలతకు, 70 మిల్లీమీటర్లకు తెచ్చిరి. నలభైనుండి సున్నకు తిరిగివచ్చినది. చరిత్ర తుడిచివేసితిరని ఒక మిత్రుడు ఆక్షేపించెను. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. పాత పిస్టనును పారవేయక అలమారులో ఉంచితిమి.

వాల్వులను సన్నని పేస్టుతో వాని సీట్లమీద రుద్ది, చుట్టును తెగని బూడిదరంగు వలయము వచ్చువరకు త్రిప్పితిమి. హెడ్డు తలక్రిందుచేసి కిరసనాయిలు పోసి చూడగా ఒక్క చుక్క జారలేదు. ఈసారి రింగు సందు మూడుమార్లు కొలిచితిమి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు, పుష్ రాడ్డు పైకి క్రిందికి ఆడక, వ్రేళ్ళకు మాత్రము తిరుగునట్లు ట్యాపెట్లు సరిచేసితిమి.

ఏడవ తన్నుకు అంటుకొన్నది. క్రొత్త బోరుకు పరుగు నేర్పుటకై వంతెన దాటి దుమ్ముగూడెము మీదుగా పర్ణశాల వరకు మెల్లగా నడిపితిమి. అక్కడ ఆపి ప్లగ్గు విప్పి చూడగా లేత గోధుమ వర్ణము. గంటసేపు చెట్టునీడన చల్లారనిచ్చి, హెడ్డు నట్లు మరియొకసారి బిగించి వెనుకకు మరలితిమి.