కెఫిర్: జలావతన్ అయినవాళ్ళ జామన్

పోయిన జూన్‌లో మా ఆపా కొడుకు బిష్కెక్ నుంచి సెలవులకొచ్చాడు. అక్కడ ఎంబీబీఎస్ చదువుతున్నాడు. ఇంట్లో అందరికీ బాదం, కిస్మిస్, అఖ్రోట్ తెచ్చాడు గానీ అమ్మీకి మాత్రం ఓ చిన్న సీసా తెచ్చిచ్చాడు. అందులో కాసిన్ని పాలు, ఆ పాలల్లో తెల్లగా, మెత్తగా, కాలీఫ్లవర్ తుంపుల్లాంటివి ఏవో తేలుతున్నాయి.

“ఇదేంది బేటా?” అంది అమ్మీ.

“జామన్, నానీ. రష్యా దహీకి జామన్. కెఫిర్ అంటారు. నేనుండే ఇంటి ముసలమ్మ ఇచ్చింది.”

జామన్ అంటే మన తోడే. కానీ మన తోడు పాలల్లో కలిసిపోతుంది. ఇది కలవదు. పాలు పులిసిపోయాక వడగట్టి గింజల్ని బయటికి తీసి, మళ్ళీ కొత్త పాలల్లో వెయ్యాలి. యాభై ఏళ్ళుగా దహీ తోడేస్తున్న అమ్మీ, జామన్‌ని వడగట్టి దాచుకోవడం ఎక్కడా చూడలేదంది. మూడో రోజు నుంచి మాత్రం ఆమే దానికి పహరా కాయడం మొదలుపెట్టింది.

పద్ధతి కష్టమైందేమీ కాదు. కాచి పూర్తిగా చల్లార్చిన అర లీటరు పాలల్లో రెండు చెంచాల గింజలు వేసి, గాజు సీసా మూతి గుడ్డతో కట్టి పక్కన పెట్టాలి. చలి దేశాల్లో 24 గంటలు పడుతుంది. మా కర్నూలు ఎండకి పది, పన్నెండు గంటలే ఎక్కువ. ఇంకా ఉంచితే పాలు విరిగి నీళ్ళు తేలతాయి. గింజల్లో రకరకాల బ్యాక్టీరియాతో పాటు ఈస్ట్, అంటే ఖమీర్ కూడా ఉంటుంది. అందుకే దహీ కంటే పల్చగా, నాలుక మీద కాస్త చురుక్కుమంటుంది.

ఖమీర్ అనగానే అమ్మీ ఆగిపోయింది. “హలాలేనా ఇది?”

మంచి సవాలే. ఈస్ట్ ఉంది కాబట్టి కెఫిర్‌లో ఆల్కహాల్ లేశమాత్రంగా పుడుతుంది. ఒక్క రోజులో వడగట్టే ఇంటి కెఫిర్‌లో అది సాధారణంగా ఒక శాతానికి లోపే. మత్తెక్కించేది కాదు. ఎండు ద్రాక్ష నానబెట్టిన నబీజ్‌ని రసూలుల్లాహ్ (స) మూడు రోజుల లోపే తాగేవారనీ, ఆ తర్వాత మిగిలితే పారబోయించేవారనీ సహీహ్ ముస్లింలో ఉంది. మేమూ అదే ఎహ్‌తియాత్ పాటిస్తున్నాం. మూత బిగించం, రోజులకొద్దీ పులియనివ్వం. నేను ముఫ్తీని కాను, షక్ ఉన్నవాళ్ళు తమ ఆలింసాబ్‌ని అడగడమే మేలు. ఒక్క మాట మాత్రం చెప్పగలను. ఈ జామన్‌ని తరతరాలుగా కాపాడింది ముసల్మాన్లే.

ఆ మాట నాకూ ముందు తెలీదు. “రష్యా దహీ” అనే అనుకున్నాను. వంటకాల కోసం వెతుకుతుంటే తారీఖ్ తగిలింది.

నల్ల సముద్రానికీ కాస్పియన్ సముద్రానికీ మధ్య కాకసస్ కొండలున్నాయి. వాటిలో అన్నిటికంటే ఎత్తైనది ఎల్బ్రుస్, 5,642 మీటర్లు. దానికి పడమర కరచాయ్‌లు, తూర్పున బల్కార్లు ఉంటారు. ఇద్దరిదీ ఒకే తుర్కీ భాష, ఇద్దరూ సున్నీ ముసల్మాన్లు, గొర్రెల మందలు తోలుకుని బతికిన కౌమ్. కెఫిర్ పుట్టిల్లు అదే. వాళ్ళ భాషలో దాని పేరు గిపి అయ్‌రాన్. మేక తోలు తిత్తిలో పాలూ గింజలూ పోసి గుమ్మం దగ్గర వేలాడగట్టేవాళ్ళట. వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు దాన్నొక తట్టు తట్టి వెళ్ళాలి. పాలు కదిలితే గింజ బాగా పనిచేస్తుంది. మెహమాన్ గడప దాటుతూనే ఆ ఇంటి ఖానాలో ఒక చెయ్యి వేసినట్టన్నమాట.

గింజల్ని వాళ్ళు “పైగంబర్ చిరుధాన్యం” అనేవాళ్ళు. ప్రవక్త (స) స్వయంగా కొండవాళ్ళకి ప్రసాదించారనీ, బయటివాళ్ళకిస్తే బరకత్ పోతుందనీ దాస్తాన్. దీనికి హదీసు సనద్ ఏదీ లేదు. జానపద కథ మాత్రమే. కానీ ఒక కౌమ్ తన నేమత్‌ని ఎంత అదబ్‌తో చూసుకుందో ఆ కథ చెబుతుంది. మన ఇళ్ళల్లో మగ్రిబ్ తర్వాత జామన్ బయటికివ్వని పెద్దవాళ్ళు లేరా? అలాంటిదే అదీను.

ఇక ఇంటర్నెట్టులో ఎక్కడ చూసినా కనిపించే కిస్సా ఇంకోటుంది. 1900ల మొదట్లో రష్యన్ వైద్యులకి కెఫిర్ గింజలు కావాలి. మాస్కోలో పాల వ్యాపారం చేసే బ్లాండొవ్ సోదరులు ఇరీనా సఖరోవా అనే అమ్మాయిని కాకసస్‌కి పంపారు. బెక్-మిర్జా బైచొరోవ్ అనే కరచాయ్ సర్దార్‌ని మెప్పించి గింజలు తీసుకురావడం ఆమె పని. ఆయన గింజలివ్వలేదు సరికదా, ఆమె మీద మనసుపడి తన మనుషులతో ఎత్తుకుపోయేలా చేశాడట. ఆమెని విడిపించాక పంచాయితీ జార్ కోర్టుకెక్కింది. నష్టపరిహారంగా నగలిస్తామంటే, ఆమె వద్దని పది పౌండ్ల గింజలు అడిగిందట. 1908లో మాస్కోలో కెఫిర్ సీసాలు అమ్మకానికొచ్చాయి. 1973లో, ఆమెకి 85 ఏళ్ళప్పుడు, సోవియట్ మంత్రి ఒకాయన షుక్రియా చెబుతూ లేఖ పంపాడని ముక్తాయింపు.

కిస్సా మజాగానే ఉంటుంది. కానీ ఇందులో కొండమీది ముసల్మాన్ ఎలా కనిపిస్తున్నాడో చూడండి. పిసినారి, మొండివాడు, ఆడపిల్లని ఎత్తుకుపోయేవాడు. నేమత్‌ని లోకానికి పంచింది మాత్రం మాస్కో. నిజానికి కెఫిర్ 1908 దాకా తాళంవేసి దాచిన ఖజానా ఏమీ కాదు. 1880లలోనే రష్యన్ వైద్యులు దాని గుణాల మీద రాశారు. ఎడువార్డ్ కెర్న్ అనే శాస్త్రవేత్త ఆ దశాబ్దం మొదట్లోనే గింజల్ని మైక్రోస్కోపు కింద పెట్టి వర్ణించాడు. కొండవాళ్ళు ఎవరికీ ఇవ్వకపోతే ఆయన చేతికి గింజ ఎలా వచ్చింది? ఎవరో ఒక కొండ ఇల్లాలు ఇచ్చే ఉంటుంది. ఆమె పేరు ఏ కిస్సాలోనూ లేదు.

తర్వాత కెఫిర్ దశ తిరిగింది. రోగనిరోధక శక్తి మీద చేసిన పనికి 1908లో నోబెల్ అందుకున్న మెచ్నికోవ్, పులిసిన పాలు ఆయుష్షు పెంచుతాయని ఆ కాలంలోనే వాదించాడు. సోవియట్ రాజ్యం వచ్చాక కెఫిర్ ఫ్యాక్టరీలకెక్కింది. ఆసుపత్రిలో మరీజ్‌లకి కెఫిర్, బాలవాడిలో పసిపిల్లలకి కెఫిర్, శానటోరియంలో పడుకోబోయే ముందు ఒక గ్లాసు కెఫిర్. 1934 నుంచి 1938 దాకా ఆహార పరిశ్రమల మంత్రిగా ఉండి ఇదంతా నడిపించినవాడు అనస్తాస్ మికోయాన్.

ఇక్కడ ఒక పేరు దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. కరచాయ్‌ల కోసం 1927లో కట్టిన రాజధాని పేరు మికోయాన్-షఖర్. షఖర్ అంటే మన షహరే! ఎక్కడి కాకసస్, ఎక్కడి కర్నూలు. ఒకే ఫార్సీ మాట రెండు చోట్లా నోళ్ళలో నానుతోంది. అంటే దేశమంతటికీ కెఫిర్ తాగించిన మంత్రి పేరే ఆ కెఫిర్ పుట్టిన కౌమ్ రాజధానికి పెట్టారు.

ఆ షహర్‌కి, ఆ కౌమ్‌కి ఏం జరిగిందో కెఫిర్ కిస్సాలు చెప్పేవాళ్ళు చెప్పరు.

1942 ఆగస్టు నుంచి 1943 జనవరి దాకా జర్మన్ సైన్యాలు కరచాయ్ ప్రాంతాన్ని ఆక్రమించాయి. అవి వెళ్ళిపోయాక, మొత్తం కౌమ్ జర్మన్లతో కుమ్మక్కయిందని స్టాలిన్ ప్రభుత్వం ఇల్జామ్ వేసింది. ఎర్ర సైన్యంలో కరచాయ్ యువకులు అప్పటికీ పోరాడుతూనే ఉన్నారు. అయినా 1943 అక్టోబర్ 12న హుకుం జారీ అయింది. నవంబర్ 2 తెల్లవారుజామున సైనికులు ఊళ్ళను చుట్టుముట్టారు. దాదాపు 69,000 మందిని పశువుల్ని తోలే రైలుపెట్టెల్లో ఎక్కించి కజకిస్తాన్‌కీ, కిర్గిజిస్తాన్‌కీ పంపేశారు. మగవాళ్ళు యుద్ధంలో ఉన్నారు కాబట్టి ఎక్కినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. 1944 మార్చి 8న బల్కార్ల వంతు. మరో 37,000 మంది. ఆకలికి, చలికి, టైఫస్‌కి వేలమంది చనిపోయారు.

కరచాయ్ ప్రాంతం పేరే మ్యాపులోంచి తుడిచేశారు. భూముల్ని చుట్టుపక్కల వాళ్ళకి పంచారు. మికోయాన్-షఖర్‌ని క్లుఖోరి అన్నారు. మనుషుల్ని జలావతన్ చేశారు, వాళ్ళ జామన్‌ని మాత్రం ఉంచుకున్నారు. 

పధ్నాలుగేళ్ళ తర్వాత, 1957లో, వాళ్ళని వతన్‌కి తిరిగి రానిచ్చారు. ఆ షహర్ ఇప్పుడు కరచాయెవ్‌స్క్.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనకి ఈ బాధ కొత్తది కాదు. మన బిర్యానీ అందరికీ కావాలి, హలీం కోసం రంజాన్‌లో బారులు తీరతారు. అదే గల్లీలో ఇల్లు అద్దెకడిగితే మాత్రం పేరు వినగానే “ఇప్పుడే ఎవరికో ఇచ్చేశామండీ” అంటారు. నేను మూడుసార్లు విన్నాను ఆ మాట. ఖానా నచ్చడం వేరు, ఖానా వండినవాడు నచ్చడం వేరు.

మా భాంజాని అడిగాను, నీకిచ్చిన ముసలమ్మకి గింజలు ఎక్కడివని. వాడు ఫోన్ చేసి కనుక్కున్నాడు. పక్కింటావిడ ఇచ్చిందట. ఆ పక్కింటావిడకి వాళ్ళమ్మ. అంతకుముందు ఎవరో. బిష్కెక్‌ని ఆ రోజుల్లో ఫ్రూంజె అనేవాళ్ళు. జలావతన్ అయినవాళ్ళు దిగింది ఆ దేశంలోనే. నా సీసాలోని గింజ వాళ్ళ చేతిదే అని సనద్ చూపించలేను. వాళ్ళ పేరు చెప్పుకోవడానికి సనద్ అక్కర్లేదు కదా.

అందుకే మా ఇంట్లో కెఫిర్‌తో మొదట వాళ్ళ వంటలే చేశాం. హిచిన్ అంటే మన ఆలూ పరాఠాకి బంధువు. పిండిని నీళ్ళతో కాకుండా కెఫిర్‌తో, చిటికెడు సోడాతో కలిపి అరగంట నానబెట్టాలి. పులుపూ సోడా కలిసి పిండిని గుల్లగా చేస్తాయి. ఉడికించిన ఆలూ, పనీర్ కలిపి కూరి, పెనం మీద కాల్చి, రెండువైపులా నెయ్యి రాయాలి. తుజ్లుక్ ఇంకా తేలిక. కెఫిర్‌లో దంచిన వెల్లుల్లి, ఉప్పు. అంతే. ఉడికించిన గొర్రె మాంసానికి అద్దుకుని తింటారు. బక్రీద్ మూడో రోజు, మసాలాలతో నోరు మొద్దుబారినప్పుడు చేసి చూడండి. రష్యన్ల ఒక్రోష్కాని కూడా వదల్లేదు. దోసకాయ, ముల్లంగి, ఉడికిన ఆలూ, గుడ్డు, సోయకూర సన్నగా తరిగి చల్లటి కెఫిర్‌లో కలిపేస్తే ఎండాకాలం మధ్యాహ్నానికి అదే భోజనం.

ఆ తర్వాత మన వంటలు. కిలో ముర్గీకి ఒక కప్పు కెఫిర్ పట్టించి నాలుగు గంటలు ఉంచితే ముక్క మెత్తగా వస్తుంది. బిర్యానీకైతే పల్చటి కెఫిర్ పనికిరాదు, అన్నం ముద్దవుతుంది. గుడ్డలో కట్టి రెండు గంటలు వేలాడదీసి, గట్టిపడ్డాక వాడాలి. రాత్రంతా వేలాడదీస్తే వెన్నలా వస్తుంది. పుదీనా, ఉప్పు కలిపి సెహ్రీలో రోటీ మీద రాసుకోవచ్చు. కారిన నీళ్ళు పారబోయొద్దు, ఖట్టీ దాల్‌లో పొయ్యండి. కడీ చేసేటప్పుడు ముందే శనగపిండి కలిపి, సన్న మంట మీద తిప్పుతూ ఉండాలి, లేకపోతే విరిగిపోతుంది. వేడి తగిలితే అందులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది, రుచి మిగులుతుంది. పొట్ట బాగుకోసం కావాలంటే కెఫిర్‌ని పచ్చిగానే, రైతాగానో మామిడిపండు లస్సీగానో తీసుకోవాలి.

కథంతా చెబితే అమ్మీ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, “పాపం, కరాచీ వాళ్ళకి ఎంత జుల్మ్ జరిగింది!”

“కరాచీ కాదమ్మీ, కరచాయ్. ఆ మాట బయట మాత్రం అనకు తల్లీ” అని బతిమాలుకున్నాను.

మంచి పాలు పడితే ఈ గింజలు పెరుగుతాయి. నెల తిరక్కుండా రెట్టింపయ్యాయి. దాచుకుంటే సీసాలో పట్టవు, ఎవరికో ఒకరికి ఇవ్వాల్సిందే. మొన్న పక్కింటి లక్ష్మమ్మక్క స్టీలు గిన్నె పట్టుకొచ్చి, “వదినా, ఆ రష్యా పెరుగు తోడు కొంచెం పెడతావా?” అంది. అమ్మీ గిన్నెలో రెండు చెంచాల గింజలు వేసి, పైన పాలు పోసి, మూత పెట్టి ఇచ్చింది.

“రష్యాది కాదు లక్ష్మమ్మా. కరచాయ్ వాళ్ళని ఉన్నారు, వాళ్ళది” అంది. తర్వాత నా వైపు చూసింది, సరిగ్గానే పలికానా అన్నట్టు.